ఓడ బొమ్మలో పొయ్యి పెట్టాలా, వద్దా?

ఈ ఏడాది మా బడి ప్రదర్శనలో నేను ఒక ఓడ నమూనా చేసి పెట్టాను. చూసినవాళ్లు బాగుందన్నారు. కానీ అది చేస్తున్నప్పుడు నాకు ఒక ప్రశ్న వచ్చింది. జిగురు, అట్ట, కత్తెర పక్కన పెట్టేసి నాలుగు రోజులు ఊరికే కూర్చున్నాను. అమెరికా ఓడ దగ్గర మొదలైన ఆ ప్రశ్న చివరికి కామాటిపురాలో మా గల్లీ దాకా వచ్చింది. దాని గురించే ఈ వ్యాసం.

మా సార్ కంప్యూటర్ గదిలో కొన్ని పాత ఓడల ఫోటోలు చూపించి, "మీకు నచ్చినది ఎంచుకోండి" అన్నారు. నేను మూడు తెరచాప కొయ్యలున్న నల్ల ఓడను ఎంచుకున్నాను. దాని పేరు చార్లెస్ డబ్ల్యు. మోర్గాన్. అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్ రేవులో కట్టి, 1841 జులై 21న నీళ్లలోకి దింపారు. అది తిమింగలాలను వేటాడే ఓడ. 80 ఏళ్లలో 37 ప్రయాణాలు చేసింది. 1921లో వేట మానేసింది. 1941లో మిస్టిక్ అనే ఊళ్లో ఉన్న సముద్ర మ్యూజియానికి చేరింది. చెక్క బాగా పాడైపోతే 2008లో ఒడ్డుకు ఎక్కించి, ఐదేళ్లు బాగుచేసి, 2013లో సరిగ్గా అదే జులై 21న మళ్లీ నీళ్లలోకి దింపారు. చెక్కతో కట్టిన అమెరికా తిమింగలాల ఓడలు వందల కొద్దీ ఉండేవి. ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే.

సార్ నాకు తొమ్మిది ఫోటోలు ప్రింటు తీసి ఇచ్చారు. ఫోటోలు చూసి నమూనా చేయడం అంత సులువు కాదు. ఓడ పొడవు సుమారు 113 అడుగులు, అంటే 34 మీటర్లు. నూరో వంతు చేస్తే 34 సెంటీమీటర్లు వస్తుంది. ఈ లెక్క సులువే. కానీ కొయ్య ఎత్తు, పడవల పొడవు ఫోటోలో స్కేలు పెట్టి కొలిస్తే తప్పు వస్తుంది. ఎందుకంటే ఫోటోలో దగ్గరున్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది. ముందు నుంచి తీసిన ఫోటోలో ఓడ ముక్కు ఏనుగంత, వెనక భాగం పిల్లి అంత ఉంది! పక్క నుంచి సూటిగా, బాగా దూరం నుంచి తీసిన ఫోటో ఒక్కటే కొలతకు పనికొచ్చింది. డెక్ మీద నిలబడ్డ మనిషిని ఐదున్నర అడుగులు అనుకుని మిగతావి లెక్కగట్టాను. ఒక్క ఫోటోను నమ్ముకుంటే ఓడ వంకర అవుతుందని అప్పుడే నేర్చుకున్నాను.

ఓడ ఒంటికి పాత శుభలేఖల అట్టలు వాడాను. కొయ్యలకు అగరుబత్తి పుల్లలు. తాళ్లకు మా నాయనమ్మ బీడీలు కట్టే దారం. మా నాయనమ్మ కరీంనగర్ జిల్లా నుంచి పెళ్లయి బొంబాయి వచ్చినప్పటి నుంచి బీడీలు చుడుతోంది. మా చాల్లో ఒకప్పుడు ఇంటింటికీ ఒక బీడీల చాట ఉండేదట. ఆ దారం సన్నగా, గట్టిగా ఉంటుంది. ఓడ తాళ్లకు దానికంటే మంచిది దొరకదు.

ఐదో ఫోటో దగ్గర వచ్చింది చిక్కు. అది డెక్ మీద నిలబడి తీసిన ఫోటో. అందులో ముందు కొయ్య వెనకాల ఇటుకలతో కట్టిన ఒక దిమ్మె ఉంది. చెక్క ఓడలో ఇటుకలేమిటి? నీళ్ల ట్యాంకేమో అనుకున్నాను. సార్‌ని అడిగితే, "అది పొయ్యి అమ్మా" అన్నారు. వంట చేసుకునే పొయ్యి కాదు. అందులో పెద్ద ఇనుప కాగులుంటాయి. చంపిన తిమింగలాన్ని ఓడ పక్కన గొలుసులతో కట్టేసి, చర్మం కింది కొవ్వును పెద్ద పెద్ద పట్టీలుగా కోసి పైకి లాగి, ముక్కలు చేసి ఆ కాగుల్లో కాచేవాళ్లు. కరిగిన నూనెను పీపాల్లో పోసేవాళ్లు. నూనె తీశాక మిగిలిన కొవ్వు పిప్పినే మళ్లీ పొయ్యిలో పెట్టి మంట పెట్టేవాళ్లు. అంటే తిమింగలాన్ని కాచడానికి కట్టె కూడా తిమింగలమే. చెక్క డెక్ అంటుకోకుండా పొయ్యి కింద నీళ్లు నిలవ ఉంచేవాళ్లు. పగలూ రాత్రీ నల్లటి పొగ, జిడ్డు, నెత్తురు.

ఇదంతా విన్నాక నాకు ఆ ఓడ మీద ఇష్టం సగం పోయింది. అప్పుడు నేనొక పని చేశాను. పొయ్యి లేకుండానే ఓడ పూర్తి చేశాను. తెల్ల తెరచాపలు, నల్ల రంగు, పక్కన ముద్దుగా చిన్న పడవలు. నా కారణాలు నాకున్నాయి. ఇటుకలు చేయడం కష్టం. చూడ్డానికి బాగుండదు. పైగా, అందులో పొయ్యి ఉందని ఇక్కడ ఎవరికి తెలుసు? ఎవరు అడుగుతారు?

అడిగింది మా నాయనమ్మే. బీడీలు చుడుతూ ఓడను అటూ ఇటూ చూసి, "మంచిగుంది బిడ్డా. గని పొయ్యి ఏది? గంతమంది అన్నేండ్లు సముద్రంల ఏం తిని బతికిన్రు?" అంది. ఆమె అడిగింది వంట పొయ్యి గురించి. ఇంకో పొయ్యి సంగతి ఆమెకు తెలియదు. కానీ నేను దొంగతనం చేసి దొరికినదానిలా అయిపోయాను. అప్పుడే పని ఆపేసి కూర్చున్నది.

ఆ నాలుగు రోజులూ నాలో నేనే వాదించుకున్నాను, స్నేహితురాలితోనూ వాదించాను. మొత్తం మూడు వాదనలు వచ్చాయి.

మొదటిది నా స్నేహితురాలిది. "ఇది బొమ్మే కదే! బొమ్మకు నీతి ఏంటి? నీకు నచ్చినట్టు చేసుకో." ఈ మాటలో కొంత నిజం ఉంది. ఊహించి చేసిన ఓడ అయితే నా ఇష్టం. దానికి రెక్కలు కూడా పెట్టొచ్చు. కానీ నేను కింద చీటీ మీద 'చార్లెస్ డబ్ల్యు. మోర్గాన్, తిమింగలాల ఓడ, 1841' అని రాశాను. పేరు, సంవత్సరం రాశానంటే చూసేవాళ్లకు "ఇది ఇలాగే ఉండేది" అని మాట ఇచ్చినట్టు. చూసేవాళ్లు మిస్టిక్ వెళ్లి చూడలేరు. నన్నే నమ్మాలి. నమ్మేవాళ్లకు తెలియదు కదా అని మార్చేస్తే అది ఇష్టం అనిపించుకోదు, మోసం అనిపించుకుంటుంది.

రెండో వాదన నాదే. అసలు అలాంటి ఓడ నమూనా చేయడమే తప్పేమో. చంపే ఓడను అందంగా చేసి గాజు పెట్టెలో పెడితే చంపడాన్ని మెచ్చుకున్నట్టు కాదా? ఈ ఓడ మొదటి ప్రయాణం మూడేళ్లకు పైగా సాగింది. అందులో 1,600 పీపాల స్పెర్మ్ తిమింగలం నూనె తెచ్చారు. ఒక్కో తిమింగలానికి 40 పీపాలు వచ్చాయి అనుకున్నా, అవి 40 తిమింగలాలు. ఇలాంటి ప్రయాణాలు 37. ఇలాంటి ఓడలు వందలు. చివరికి తిమింగలాలు బాగా తగ్గిపోయాక ప్రపంచ దేశాలు 1982లో కూర్చుని, 1986 నుంచి వ్యాపారం కోసం వేటాడకూడదని నిర్ణయించాయి. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వాటిని కాపాడుతోంది. మరి అలాంటి ఓడను కోట్లు పెట్టి బాగుచేయడం ఎందుకు? ముక్కలు చేసేస్తే పోలేదా?

దీనికి జవాబు మా నాన్న మాటల్లో దొరికింది. మన ముంబైలోనే ఒక గొప్ప ఓడ ఉండేది, ఐఎన్ఎస్ విక్రాంత్. 1961లో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో పని చేసింది. 1997లో విశ్రాంతి ఇచ్చి, తర్వాత మ్యూజియంగా ఉంచారు. నాన్న చిన్నప్పుడు తాతతో కలిసి వెళ్లి చూశాడట. నిలబెట్టడానికి ఖర్చు ఎక్కువని 2014లో అమ్మేశారు. మా ఇంటి నుంచి ఎంతో దూరం లేని దారుఖానాలో దాన్ని ముక్కలు చేశారు. ఆ ఉక్కులో కొంత తీసుకుని 2016లో ఒక కంపెనీ మోటారు సైకిళ్లు చేసింది. 'ఓడలు బళ్లు, బళ్లు ఓడలు అవుతాయి' అనే సామెత అక్షరాలా జరిగింది. ఇప్పుడు విక్రాంత్ ఎలా ఉండేదో నాకు తెలియాలంటే ఫోటోలు, నమూనాలే దిక్కు. నాన్న, "మెట్లెక్కేటప్పుడు ఇనుము కాలేది, లోపల నూనె వాసన వచ్చేది" అంటాడు. ఆ మాట ఏ నమూనాలోనూ లేదు. ఓడ పోతే ఓడ చేసిన మంచీ పోతుంది, చెడూ పోతుంది. అడగడానికి ఏమీ మిగలదు. మోర్గాన్ మిగిలింది కాబట్టే నేను "ఈ ఇటుకలేమిటి?" అని అడగగలిగాను. చెడ్డ పని చేసిన ఓడ కూడా సాక్షిలా నిలబడుతుంది. సాక్షిని చంపితే నేరం పోదు, సాక్ష్యం పోతుంది. కాబట్టి అలాంటి ఓడ నమూనా చేయడం తప్పు కాదని నాకు అనిపించింది.

ఇక మూడో వాదన. చేయొచ్చు, కానీ పొయ్యితో చేయాలి. ఇది చెప్పడం సులువు, ఒప్పుకోవడం కష్టం. నేను ముందు తప్పంతా ఫోటోల మీదకు నెట్టాలని చూశాను. "బాగుచేసిన ఓడ కదా, శుభ్రంగా కడిగి రంగులేశారు. చెక్క చాలావరకు కొత్తది. నెత్తురు లేదు, జిడ్డు లేదు, వాసన లేదు. పైన పటారం, లోన లొటారం. ఫోటోలే అబద్ధం చెబుతున్నాయి" అన్నాను. సార్ నవ్వి, "పొయ్యి ఫోటో నీకు ఎవరు ఇచ్చారమ్మా?" అన్నారు. నిజమే! మ్యూజియం వాళ్లు పొయ్యిని దాచలేదు. డెక్ మధ్యలో అందరికీ కనిపించేలా ఉంచారు. ఆ ఓడను కట్టిన న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఇంకో మ్యూజియంలో లగోడా అనే తిమింగలాల ఓడకు 1916లో సగం సైజు నమూనా కట్టారు. 89 అడుగుల పొడవు. దాని మీద కూడా పొయ్యి కట్టారు. 2014లో మోర్గాన్ తన 38వ ప్రయాణం చేసింది. ఈసారి హార్పూన్లు వేయడానికి కాదు, తిమింగలాలు తిరిగే చోటికి వెళ్లి వాటిని చూడటానికి వెళ్లింది. వాళ్లు తమ ఓడ చరిత్రను దాచుకోలేదు, దానికి ఇంకో ప్రయాణం కలిపారు. దాచింది నేను. తొమ్మిది ఫోటోల్లో నాకు నచ్చిన ఎనిమిదే చూశాను. ఫోటో చూపించినా, చూసేవాడు చూడకపోతే ఫోటో ఏం చేస్తుంది?

ఇంకో మాట కూడా అనుకోవాలి. ఆ పొయ్యి దగ్గర నిలబడినవాళ్లు ఎవరు? ఓడ యజమాని కాదు. ఓడకు ఆయన పేరు పెట్టారు, అందుకే ఆ పేరు మనకు తెలుసు. పొయ్యి దగ్గర ఉన్నది కూలీలు. అమెరికా పల్లెటూళ్ల కుర్రాళ్లు, నల్లజాతివాళ్లు, అక్కడి మూలవాసులు, కేప్ వెర్డె, అజోర్స్ ద్వీపాలవాళ్లు, పసిఫిక్ ద్వీపాలవాళ్లు. వాళ్లకు నెల జీతం ఉండేది కాదు. వచ్చిన లాభంలో వాటా ఇచ్చేవాళ్లు. కొత్తగా చేరినవాడి వాటా చాలా చిన్నది. అందులోంచి బట్టలకు, పొగాకుకు పట్టుకునేవాళ్లు. మూడు నాలుగేళ్లు కష్టపడి, ఒడ్డుకు వచ్చి లెక్క చూస్తే చేతికి దాదాపు ఏమీ రానివాళ్లూ ఉన్నారు. వాళ్లు తెచ్చిన నూనెతో పెద్ద ఇళ్లలో దీపాలు వెలిగాయి, మిషన్లు తిరిగాయి. దీపం కింద చీకటి అంటారు కదా, ఆ చీకటి ఆ పొయ్యి దగ్గర ఉంది. పొయ్యి తీసేస్తే చచ్చిపోయిన తిమింగలంతోపాటు ఆ కూలీ కూడా మాయమవుతాడు. చెడ్డదాన్ని దాస్తున్నా అనుకుని కష్టపడ్డవాణ్ని కూడా దాచేశాను.

నాయనమ్మకు ఈ సంగతంతా చెప్పాను. ఆమె చుట్టడం ఆపి, "ఆళ్లకు తెల్వదా బిడ్డా, పానం తీస్తున్నమని? తెలుసు. ఇంట్ల పిల్లలు ఉంటరు గద. నేను జేసేది మంచి పనా? ఈ బీడీ తాగి ఎంతమంది దగ్గుతున్నరో. నాకూ దగ్గు బట్టె. గని గీ చాటతోనే మీ నాయిన పెరిగిండు" అంది. నాకేం చెప్పాలో తెలియలేదు. ఓడ తాళ్లు కట్టింది ఆ దారంతోనే కదా. మనుషులు చేసే పనిలో మంచీ చెడూ వేరు వేరు గిన్నెల్లో ఉండవు. అందుకే ఒకటి తీసి ఒకటి చూపించడం కుదరదు.

ఇప్పుడు మా గల్లీ సంగతికి వస్తాను. ఇది రాయడానికి కొంచెం భయంగా ఉంది, కానీ రాయకపోతే పొయ్యి మళ్లీ తీసేసినట్టే.

మా పేట పేరులోనే తెలుగు ఉంది. కామాటి అంటే కూలి పని చేసేవాడు. పద్దెనిమిదో శతాబ్దం చివర నుంచి బొంబాయిలో కట్టడాల పనికి, ఏడు ద్వీపాలను కలిపే పనికి నిజాం రాజ్యం నుంచి మనవాళ్లు వచ్చారు. వాళ్లు ఉన్నచోటు కామాటిపురా అయింది. రోడ్లు, గోడలు, భవనాలు కట్టినవాళ్ల పేర్లు ఏ రాయి మీదా లేవు. పేటకు మాత్రం వాళ్ల పని పేరు మిగిలింది. కానీ ఈ రోజు కామాటిపురా అని వెతికితే వచ్చే ఫోటోలు ఏవి? చీకటి గల్లీ, కటకటాల తలుపు, ముఖానికి పౌడరు రాసుకుని నిలబడ్డ ఆడవాళ్లు. దేశదేశాల నుంచి ఫోటోలు తీసేవాళ్లు వచ్చి అవే తీసుకెళ్లారు. 2022లో మా పేట కథతో ఒక హిందీ సినిమా వచ్చింది. దాని కోసం గోరేగావ్ ఫిల్మ్ సిటీలో కామాటిపురా సెట్టు వేశారు. అంటే మా పేటకు కూడా ఒక నమూనా కట్టారన్నమాట! మా పేటకు చెడ్డపేరు వస్తుందని ఇక్కడివాళ్లు కొందరు ఆ సినిమాను వ్యతిరేకించారు. ఓడ విషయంలో నేను పొయ్యి తీసేశాను. మా పేట విషయంలో బయటివాళ్లు పొయ్యి ఒక్కటే ఉంచి ఓడంతా తీసేశారు.

దీనికి నేను చేసిన పని ఏమిటో చెబుతాను. పోయినేడు ఒక పోటీకి వేరే బడికి వెళ్లినప్పుడు, "ఎక్కడుంటావు?" అని ఒక అమ్మాయి అడిగింది. "ముంబై సెంట్రల్ దగ్గర" అన్నాను. అబద్ధం కాదు, స్టేషన్ దగ్గరే. నిజమూ కాదు. ఇంకోసారి ఎవరో మా పేట గురించి ఎగతాళి చేస్తే కోపం వచ్చి, "మా దగ్గర అలాంటివి ఏమీ లేవు. అంతా కుటుంబాలే. బతుకమ్మ ఆడతాం, బీడీలు చుడతాం, పిల్లలు చదువుకుంటారు" అని గట్టిగా చెప్పాను. అప్పుడు నాకు గర్వంగా అనిపించింది. ఓడ చేశాక అర్థమైంది. వాళ్ల సగం ఫోటోకు నేను నా సగం ఫోటో ఎదురుపెట్టాను, అంతే.

ఎందుకంటే ఆ ఆడవాళ్లూ ఉన్నారు. మునుపటికంటే తగ్గారు, కానీ ఉన్నారు. నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు పెద్ద వాన వచ్చి గల్లీలో మోకాళ్ల దాకా నీళ్లు నిలిచాయి. అమ్మ ఇంకా పని నుంచి రాలేదు. పక్క బిల్డింగులో కటకటాల తలుపు ఉన్న ఇంటి ఆంటీ నన్ను ఎత్తుకుని మా మెట్ల మీద దించింది. నా సంచీ తడవకుండా తన తల మీద పెట్టుకుంది. "అంతా కుటుంబాలే" అని నేను గట్టిగా చెప్పినప్పుడు ఆ ఆంటీని గల్లీలోంచి తీసేశాను. ఆమె ఆ ఇంటికి ఎలా వచ్చిందో, ఎవరు తెచ్చారో నాకు తెలియదు. ఆమె ఇష్టపడి ఎంచుకున్న బతుకు అని నేను అనుకోను. కానీ ఆమెను తీసేస్తే ఆమెకు జరిగిన అన్యాయం కూడా కనిపించకుండా పోతుంది. నన్ను ఎత్తుకున్న చేతులు కూడా కనిపించకుండా పోతాయి. పొయ్యి దగ్గరి కూలీకి చేసినట్టే ఆమెకూ చేశాను.

కాబట్టి నాకు అర్థమైంది ఇది. ఫోటో తీసేవాడు ఎక్కడో ఒకచోట నిలబడి తీయాలి, అన్నీ ఒక్క ఫోటోలో రావు. నమూనా చేసేవాడు కూడా అన్నీ చేయలేడు. నా ఓడలో మేకులు లేవు, ఎలుకలు లేవు. అది తప్పు కాదు. ఏది వదిలేశాం అన్నదాని కంటే ఎందుకు వదిలేశాం అన్నది ముఖ్యం. చిన్నది కాబట్టి వదిలేశామా, చేతకాక వదిలేశామా, లేక సిగ్గుపడి వదిలేశామా? సిగ్గుపడి వదిలేస్తే అక్కడ ఎవరో ఒక మనిషి దాగి ఉన్నాడేమో చూడాలి.

ప్రదర్శనకు ముందు రోజు రాత్రి పొయ్యి చేశాను. ఎర్ర రంగు వేసిన అట్ట మీద సూదితో గీతలు గీస్తే ఇటుకలయ్యాయి. నాయనమ్మ దగ్గు మాత్రల స్ట్రిప్‌లో రెండు బుడిపెలు కత్తిరించి నల్లరంగు వేస్తే కాగులయ్యాయి. దూది మీద కాటుక రాసి పొగ పెట్టాను. తెరచాపలు మరీ తెల్లగా ఉన్నాయని టీ నీళ్లలో ముంచిన గుడ్డతో అద్దాను. ఓడ ముందుకంటే అందం తగ్గింది. నాయనమ్మ చూసి, "ఇప్పుడు పనిజేసే ఓడ లెక్క ఉన్నది" అంది.

ప్రదర్శనలో ఒక పెద్దావిడ, ఎవరో పిల్లవాడి అమ్మమ్మ కాబోలు, "ఇంత మంచి ఓడలో ఈ నల్ల పొయ్యి ఎందుకమ్మా?" అని అడిగారు. మొత్తం చెప్పాను. ఆమె కాసేపు ఓడ వైపు చూసి, "పాపం" అన్నారు. తిమింగలాల గురించి అన్నారో, కూలీల గురించి అన్నారో తెలియదు. అడగలేదు. తర్వాత, "ఎక్కడుంటావు తల్లీ?" అన్నారు. "కామాటిపురా" అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆగి, "మా పెద్దన్న కూడా అక్కడే ఉండేవాడు, నలభై ఏళ్ల కింద" అన్నారు. ఆ మాట ఆమె అంతకుముందు ఎంతమందితో చెప్పి ఉంటారా అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

మా పేటను కూల్చి కొత్తగా కడతామని ప్రభుత్వం చెబుతోంది. మంచిదే. మా చాల్ మెట్లు ఊగుతున్నాయి, వానాకాలం కప్పు కారుతుంది, అందరికీ కలిపి ఉన్న కొళాయి దగ్గర రోజూ గొడవ. కొత్త ఇల్లు వస్తే అందరికంటే ముందు మా అమ్మ సంతోషిస్తుంది. కానీ కూల్చేలోపు మా చాల్‌కి ఒక నమూనా చేయాలనుకుంటున్నాను. నాన్న ఫోన్ తీసుకుని ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. ఒక్కోచోట ఒకటి కాదు, ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి, మూడు. మెట్లు, కొళాయి, నాయనమ్మ కూర్చునే గడప, అయిపోయాయి.

పక్క బిల్డింగు కటకటాల తలుపు ఇంకా తీయలేదు. ఆంటీని అడగకుండా తీయకూడదు. ముఖం రాకుండా తీయాలా, అసలు ఫోటో లేకుండా చూసి గుర్తుపెట్టుకుని చేయాలా అని ఆలోచిస్తున్నాను. తిమింగలాన్ని, 180 ఏళ్ల కిందటి కూలీని ఎవరూ అడగలేరు. ఆంటీని అడగొచ్చు. ఆమె "వద్దు" అంటే ఏం చేయాలి? ఇంతదాకా నేను రాసినదాని ప్రకారం తీసేయకూడదు. కానీ తన తలుపు చూపించాలా వద్దా అన్నది ఆమె ఇష్టం కూడా కదా. ఈ ప్రశ్నకు నా దగ్గర ఇంకా జవాబు లేదు. ఆదివారం వెళ్లి అడుగుతాను. నాయనమ్మ కూడా నాతో వస్తానంది.